నొప్పికి సాక్షి

పోయిన వారం ఆవిడని పరీక్ష హాల్లో, ఆకుపచ్చ తెర వెనక, ఒంటికాలి మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆ కాలు అలాగే ఉంది. ముందు దాన్ని కింద పెట్టిద్దాం.

కథలోకి ఇవాళే వచ్చినవారి కోసం రెండు ముక్కలు. ఆ వైద్య కళాశాలలో ఆవిడ పని రోగిగా నటించడం. జబ్బు మనుషులని పట్టుకొచ్చి పాతికమంది విద్యార్థుల చేత వరసగా నొక్కించలేరు కదా, అందుకని ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి రోగాలు నేర్పి మంచమెక్కిస్తారు. ఆవిడ ఒకప్పుడు నాటకాల కంపెనీ మనిషి. కంపెనీ మూతపడ్డాక ఇక్కడ చేరింది. గుండెపోటు, కడుపునొప్పి, మతిమరుపు, ఏది కావాలంటే అది. విద్యార్థులు ప్రేమగా పెట్టుకున్న పేరు రోగాలమ్మ. ఆ పేరు వినపడగానే ఆవిడ మొహం విప్పారేది.

ఇవాళ్టి పరీక్షలో ఆవిడ వేషం కుట్టుమిషను తొక్కే మనిషి. నొప్పి కుడి తుంటికి, బయటి పక్క. చిక్కంతా ఏమిటంటే ఆవిడకి నిజంగానే తుంటి నొప్పి ఉంది, అదీ ఎడమ పక్క. ఏ భాగానికి రోగం నటిస్తారో ఆ భాగంలో నిజంగా రోగం ఉండకూడదని అక్కడి కట్టుబాటు. చెబితే పని పోతుంది. అందుకని కొన్ని నెలలుగా తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, బాగున్న కుడి తుంటిని నొక్కితే కేకలు పెడుతూ, బాగాలేని ఎడమ తుంటిని నొక్కితే చిరునవ్వు నవ్వుతూ నెట్టుకొచ్చింది.

వచ్చినవాళ్ళందరూ కుడి పక్క చూసి, రాసుకుని, వెళ్ళిపోయారు. ఆఖరున వచ్చిన అమ్మాయి మాత్రం అలా కాదు. ఆ పిల్లని తోటివాళ్ళు నత్త అంటారు, ఏ పనైనా అంత నిదానం. పోయినేడు ఈ పరీక్షే తప్పింది. ఆ పిల్ల కుడి పక్కంతా చూశాక, "అమ్మా, పోల్చి చూడాలి, ఒకసారి ఎడమ కాలి మీద కూడా నిలబడతారా?" అంది. రోగాలమ్మ నిలబడింది. నిలబడ్డ కొద్దిసేపటికే నడుం పక్కకి ఒరిగింది, ఎంత బిగబట్టినా ఆగలేదు. నత్త చూసేసింది. బయటికెళ్ళి ఎముకల డాక్టరు గారితో, "సార్, నొప్పి ఎడమ పక్కండీ" అంది. ఆయన ఎర్ర పెన్నుతో తప్పు కొట్టేశాడు.

ఇక ఇప్పటి సంగతి.

రోగాలమ్మ బట్టలు మార్చుకునే గదిలో స్టూలు మీద కూర్చుని చెప్పుల బకిల్ పెట్టుకుంటోంది. గోడ అవతల కుళాయి దగ్గర ఎవరో మొహం కడుక్కుంటున్నారు. ఒకసారి కడుక్కుని ఊరుకోకుండా మళ్ళీ కడుక్కుంటున్నారు. మధ్యలో ముక్కు చీదిన చప్పుడు. ఆ ఏడుపు ఎవరిదో పోల్చుకోవడం కష్టం కాలేదు. ఏడుపులో కూడా ఆ పిల్ల నిదానమే.

'నాకెందుకులే' అనుకుంది. సంచీ భుజాన వేసుకుని గడప దాకా వెళ్ళింది. ఆ పిల్ల కళ్ళు తప్పు చూడలేదు. ఇన్ని నెలల్లో, ఇంతమంది చేతులు పడ్డ ఈ ఒంట్లో, నొప్పి ఎక్కడుందో సరిగ్గా కనిపెట్టింది ఆ ఒక్కతే. దానికి బహుమానం సున్నా. అలాంటిదాన్ని కుళాయి దగ్గర వదిలేసి ఇంటికెళ్ళి అన్నం ఎలా తింటుంది? సంచీ మళ్ళీ స్టూలు మీద పెట్టి, గోడ పట్టుకుంటూ డాక్టరు గది వైపు నడిచింది.

ఎముకల డాక్టరు మార్కులు కూడుకుంటున్నాడు. తలెత్తలేదు.

"సార్, ఆఖరి అమ్మాయి చెప్పింది నిజమండీ."

"ఏది నిజం?"

"ఎడమ పక్కన్నది. మీరు తప్పు కొట్టేశారు."

"కాయితం మీద కుడి అని ఉందమ్మా."

"కాయితం మీద కుడే. ఒంట్లో ఎడమ."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ నిలబడే చెప్పింది. వానలు మొదలవకముందు నుంచీ నొప్పి ఉందనీ, చెబితే రానివ్వరని చెప్పలేదనీ, తన దాపరికానికి ఆ పిల్ల బలైపోతోందనీ. చెప్పినంతసేపూ ఆయన ఆవిడ మొహం వైపే చూశాడు, అందులో ఏదో వెతుకుతున్నట్టు.

"అమ్మా, మొన్న చలికాలంలో ఇదే గదిలో మీరు గుండెపోటు వేషం వేశారు. గుర్తుందా?"

"ఉందండీ."

"నేర్పుతున్నప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. నటిస్తున్నారని తెలుసు. అయినా కంగారుపడి ఆక్సిజన్ తెమ్మని అరిచాను. నర్సులందరూ నవ్వారు."

రోగాలమ్మ నవ్వబోయి ఆగింది. ఆయన నవ్వడం లేదు.

"మీకు పిల్లలంటే ప్రాణం. ఆ అమ్మాయి ఇది రెండోసారి రాస్తోంది. ఏడ్చి ఉంటుంది, మీ మనసు కరిగి ఉంటుంది. మీరిప్పుడు నటించడం లేదని ఎలా నమ్మను?"

"పరీక్ష చేసి చూడండి సార్."

"ఏం చేసి చూడనమ్మా? ఎక్కడ నొక్కితే అరవాలో, కాలు ఎటు తిప్పితే అరవకూడదో మీకు నేర్పిందెవరు? ఈ జబ్బుకి మామూలుగా నా వేళ్ళే చాలు. మీ దగ్గర నా వేళ్ళు పనికిరావు."

ఆ మాటలో కోపం లేదు, నిజముంది. అదే ఆవిడకి ఎక్కువ తగిలింది. ఇన్నేళ్ళు అందరూ మెచ్చుకున్న విద్య ఇవాళ ఎదురు తిరిగి కూర్చుంది.

ఆయన కొంచెం మెత్తబడ్డాడు. "పోనీ, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

"ఆ పక్కకి ఒత్తిగిలితే లేచి కూర్చోవడమేనండీ."

"అలా చెప్పండి! అయితే సాక్షి ఉన్నాడుగా. మీ ఆయన చూసే ఉంటాడు. ఫోన్ చేసి నాకివ్వండి. ఆయన ఔనంటే ఇప్పుడే మార్కులు దిద్దేస్తాను."

రోగాలమ్మ మొహంలో రంగు దిగిపోయింది.

మనకి కూడా ఆయన బాగా పరిచయమే. మొదటి వారం నుంచీ ఆవిడ నోట వింటున్నాం కదా. కూరలో ఉప్పు ఎక్కువైందని రోజూ గొడవపడే మా ఆయన. పేపరు పైకి చదివి పొద్దున్నే చెవులు చిల్లులు పెట్టే మా ఆయన. నేను లేకపోతే అగ్గిపెట్టె ఎక్కడుందో తెలియని మా ఆయన. ఆవిడ క్యాంటీన్లో చెబుతుంటే ఆయాలూ నర్సులూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు, వాళ్ళతోపాటు మనమూ నవ్వాం. కానీ ఆలోచించి చూడండి. ఆయన్ని ఇన్ని వారాల్లో మనం ఒక్కసారైనా చూశామా?

ఫోన్ సంచీలో ఉంది, సంచీ ఆ గదిలో ఉంది అని చెప్పవచ్చు. ఊరెళ్ళాడని చెప్పవచ్చు. నోటి చివర అబద్ధాలు బారులు తీరి నిలబడ్డాయి, ఏది పిలిస్తే అది పలకడానికి. లేడని చెబితే తను అబద్ధాలకోరని తేలుతుంది, అబద్ధాలకోరు తుంటిని నమ్మేదెవరు? ఉన్నాడంటే ఫోన్ చేయాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఆయన లేడు సార్."

"ఊళ్ళో లేడా?"

"లోకంలోనే లేడు."

డాక్టరు కుర్చీలోంచి సగం లేచాడు. "అయ్యో! ఎప్పుడు పోయారమ్మా? మాకెవరికీ చెప్పనేలేదు..."

"పోవడానికి ఉంటే కదండీ. నేను పెళ్ళే చేసుకోలేదు."

బయట వరండాలో ఎవరో బకెట్ ఈడ్చుకుంటూ పోయారు.

"చేరిన రోజున అడిగారండీ, ఇంట్లో ఎవరున్నారని. ఎవరూ లేరంటే ఒక రకంగా చూస్తారు. నాటకాల మనిషిని కూడానాయె, ఇంకో రకంగా చూస్తారు. అందుకని ఉన్నాడన్నాను. ఉన్నాడన్నాక, ఏం చేస్తాడు, ఏం తింటాడు అని అడుగుతారుగా. చెబుతూ పోయాను. చెప్పగా చెప్పగా ఆయన నాకూ అలవాటైపోయాడు."

బస్సులో వస్తూ ఇవాళ మా ఆయన ఏమన్నాడని చెప్పాలో ఆలోచించుకునేదాన్ననీ, అదొక్కటే ఆ రోజు మొత్తానికి తనకి ఇష్టమైన పని అనీ ఆవిడ చెప్పలేదు. మేడమీది గదిలో తీగ మీద వారానికోసారి మగవాళ్ళ చొక్కా ఒకటి ఆరేస్తాననీ, ఎవరూ తొడుక్కోని చొక్కా అయినా దుమ్ము పడుతుంది కనక ఉతకాల్సే వస్తుందనీ చెప్పలేదు. కొన్ని మాటలు డాక్టర్లకి కూడా చెప్పుకునేవి కావు.

"ఇన్నేళ్ళు లేని మొగుణ్ణి ఉన్నాడని నమ్మించారు," అన్నాడాయన. "ఇప్పుడు నొప్పి ఉందంటున్నారు."

"నన్ను నమ్మకపోయినా పర్లేదు సార్. ఆ పిల్లని నమ్మండి."

ఆయన చాలాసేపు బల్ల మీది కళ్ళద్దాలని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత లేచి, మూలనున్న మంచం మీది దుప్పటి సరిచేశాడు.

"ఇలా కూర్చోండి. మొదట్నించి అడుగుతాను. నొప్పి ఎక్కడ?"

"మిషను తొక్కుతుంటే సార్, ఇదిగో, ఇక్కడ మొదలై..."

"ఆపండి. అది కుట్టుమిషను మనిషి గొంతు. నేను మిమ్మల్ని అడుగుతున్నాను."

రోగాలమ్మ నోరు తెరిచి మళ్ళీ మూసింది. విచిత్రం! ఎందరి నొప్పులో గడగడా చెప్పగలదు. పొడుస్తున్నట్టుంది, మెలిపెడుతున్నట్టుంది, నిప్పు రాజేసినట్టుంది. తన నొప్పి సంగతికొచ్చేసరికి ఒక్క మాటా దొరకలేదు. ఇంతవరకూ తన నొప్పి గురించి ఎవరికీ చెప్పింది లేదు. చెప్పని నొప్పికి మాటలెక్కణ్ణించి వస్తాయి?

"మాటలొద్దు," అన్నాడాయన. "ఒక్క వేలు పెట్టి చూపించండి."

ఆవిడ ఎడమ చెయ్యి నెమ్మదిగా వెళ్ళి తుంటి పక్కన పొడుచుకొచ్చిన ఎముక మీద ఆగింది.

"గజ్జల్లోకి పాకుతుందా?"

"లేదండీ."

"మోకాలు దాటి కిందికి? తిమ్మిర్లు?"

"తొడ పక్క నుంచి మోకాలు దాకా ఒక్కోసారి. అంతకంటే దిగదు. తిమ్మిర్లు లేవు."

"చెప్పులు వేసుకోవడానికి వంగితే?"

"వంగగలను. ఇందాక బకిల్ పెట్టుకున్నాను కూడా. మెట్లెక్కేటప్పుడే ప్రాణం పోతుంది. కూర్చుని లేచాక మొదటి అడుగులు కూడా."

ఆవిడకి తెలియకుండానే మాటలు వస్తున్నాయి. గొంతు ఎవరిదీ కాదు, చప్పగా, కొంచెం బొంగురుగా ఉంది. అది తన గొంతేనని ఆవిడకి ఒక క్షణం తర్వాత అర్థమైంది.

ఆయన పడుకోబెట్టాడు. కాలు చాపి నిటారుగా పైకెత్తి చూశాడు. నడుంలోంచి వచ్చే నొప్పయితే ఇక్కడ పట్టుబడుతుంది. ఏమీ లేదు. మోకాలు మడిచి తుంటిని లోపలికీ బయటికీ తిప్పాడు. కీలు అరిగితే గజ్జల్లో పట్టేయాలి. పట్టలేదు. కుడి పక్కకి తిప్పి పడుకోబెట్టి, పైనున్న ఎడమ కాలు ఎత్తమని, తన అరచేత్తో కిందికి అదిమాడు. కాలు కాసేపు పెనుగులాడి ఓడిపోయింది.

ఇదంతా చేస్తూ ఆయన ఊరికే మాట్లాడుతున్నాడు. క్యాంటీన్ టీ ఈమధ్య నీళ్ళలా ఉంటోందన్నాడు. నాటకాల్లో ఏ వేషం ఇష్టమని అడిగాడు. "ముసలిరాణి వేషమండీ, పడుచు వయసులోనే..." అని ఆవిడ చెబుతుండగా, మాట మధ్యలో, ముందు చెప్పకుండా బొటనవేలితో ఎముక మీద నొక్కాడు.

రోగాలమ్మ అరవలేదు. మొహం కూడా ముడవలేదు. మాట తెగిపోయింది, ఊపిరి ఆగిపోయింది, అంతే. కళ్ళు గోడ మీద ఒకచోట నిలిచిపోయాయి.

ఆయన వేలు తీసేశాడు.

"కుడి పక్క నొక్కితే మీరు ఇల్లెగిరేలా కేక పెడతారు," అన్నాడు మెల్లగా. "ఇటు నొక్కితే ఊపిరి కూడా రాదేం?"

"ఇది ఎవరికీ వినపడకూడదని అలవాటు చేసుకున్నానండీ."

ఆయన తలూపాడు. కానీ ఒట్టి నమ్మకం మీద మార్కులు దిద్దే మనిషి కాదు. ఆవిణ్ణి వరండా చివరికి నడిపించుకెళ్ళాడు. ఎక్స్‌రేలో ఎముకా కీలూ శుభ్రంగా ఉన్నాయి. అక్కణ్ణించి పక్కనే ఉన్న చీకటి గది. స్కాన్ డాక్టరమ్మ చల్లటి జెల్ రాసి, చేతిలోని పరికరాన్ని ముందు కుడి తుంటి మీద, తర్వాత ఎడమ తుంటి మీద నెమ్మదిగా జరిపింది. తెర మీద బూడిదరంగు చారలు కదిలాయి. ఒకచోట పరికరం ఆగింది.

"ఇదిగో సార్. పిరుదు కండరం వచ్చి ఎముకకి అతుక్కునే పట్టీ. కుడి పక్క తాడులా బిగువుగా ఉంది చూడండి. ఇటు ఉబ్బి, పోగులు విడిపోయింది."

ఎముకల డాక్టరు తెర దగ్గరికి వంగాడు. "స్కాను నొప్పిని చూపించదమ్మా," అన్నాడు రోగాలమ్మతో. "నొప్పి లేనివాళ్ళకీ ఇలా పోగులు లేచి ఉండొచ్చు. కానీ మీరు వేలు పెట్టిన చోటు, నేను నొక్కితే ఊపిరి ఆగిన చోటు, ఈ పోగులు విడిపోయిన చోటు ఒకటే. ఇంక చాలు నాకు. నమ్ముతున్నాను."

తెర మీద తన లోపలి చారలని చూస్తూ రోగాలమ్మ పడుకుని ఉండిపోయింది. స్టేజీ మీద ఎన్నిసార్లో జనాన్ని ఏడిపించింది. అప్పుడెప్పుడూ తనకి నిజంగా ఏడుపు రాలేదు. ఇప్పుడు ఎవరో నమ్ముతున్నానన్న ఒక్క మాటకి కళ్ళు నిండి చెవుల్లోకి కారాయి. స్కాన్ డాక్టరమ్మ జెల్ తుడవమని ఇచ్చిన కాగితంతో మొహం తుడుచుకుంది.

గదికి తిరిగొచ్చాక ఆయన నత్తని పిలిపించాడు. ఆ పిల్ల ఎర్రబడ్డ కళ్ళతో తలుపు దగ్గర నిలబడింది.

"ఎడమ పక్కే," అన్నాడు. "తప్పు కొట్టినందుకు క్షమించు. రెండు పక్కలా పోల్చి చూసింది నువ్వొక్కదానివే."

నత్త ఆ మాట అర్థం చేసుకోవడానికి కూడా తన పద్ధతిలో కాస్త సమయం తీసుకుంది. తర్వాత డాక్టరు గారిని వదిలేసి రోగాలమ్మ దగ్గరికొచ్చింది. "నేను నిలబెట్టినప్పుడు బాగా నొప్పెట్టిందా అమ్మా? తెలిసుంటే అంతసేపు నిలబెట్టేదాన్ని కాదు." ఆవిడ ఆ పిల్ల బుగ్గ మీద చెయ్యి వేసి, "పో, పోయి ఏదైనా తిను. పొద్దున్నించీ తిన్నట్టు లేవు," అంది.

పిల్ల వెళ్ళాక డాక్టరు అసలు సంగతికొచ్చాడు. కోత అక్కర్లేదు. ఆ పక్కకి పడుకోకూడదు. కుడి పక్కకి పడుకున్నప్పుడు మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోవాలి. కాలు మీద కాలు వేసుకోకూడదు. కండరానికి బలం వచ్చే కసరత్తులు నేర్పిస్తారు, ఓపిగ్గా చెయ్యాలి, నెలలు పట్టవచ్చు.

"నయమవుతుందా సార్?"

"అవుతుంది. చాలామందికి అవుతుంది." ఆయన గొంతు సవరించుకున్నాడు. "అయితే అప్పటిదాకా మీరు మంచం ఎక్కడానికి లేదు. వేరే పేషెంటు వేషం కూడా ఇవ్వలేను. దాచిపెట్టారు కదా. పైవాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి."

ఆవిడ తలూపింది. తెలిసే వచ్చింది ఇక్కడికి. అయినా రేపు పొద్దున్న లేచి ఎక్కడికి వెళ్ళాలన్నది అప్పుడే మొదటిసారి తట్టింది. బస్సెక్కక్కర్లేదు. మా ఆయన ఏమన్నాడో ఆలోచించుకోనక్కర్లేదు. ఎక్కడ నొప్పని అడిగేవాళ్ళుండరు.

"పైవాళ్ళకి ఒక మాట రాస్తాను," అన్నాడాయన, కాగితం ముందుకు లాక్కుంటూ. "ఆవిడే వచ్చి నిజం చెప్పింది, ఆవిడ మాట నమ్మదగ్గది అని. నయమయ్యాక మళ్ళీ తీసుకోమంటాను. ఆ మాత్రం చేయగలను."

పెన్ను మూత తీశాడు. ఒక వాక్యం రాశాడు. రెండోది మొదలుపెట్టాడు.

తలుపు తోసుకుని ఆయా లోపలికొచ్చింది, రొప్పుతూ.

"అక్కా, ఇక్కడున్నారా! బిల్డింగంతా వెతికొస్తున్నా. మీ ఆయన వచ్చారు."

పెన్ను ఆగింది.

"ఎవరు?" అంది రోగాలమ్మ.

"మీ ఆయనక్కా! గేటు దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. రోగాలమ్మ అనలేదు, మీ అసలు పేరే చెప్పాడు. నేను ఆవిడ భర్తని, తీసుకెళ్ళడానికొచ్చానన్నాడు. ఉప్పు గొడవ ఎత్తి కాస్త ఆటపట్టించాను, నవ్వాడు కూడా. ఎంత నెమ్మదస్తుడక్కా! మీరే లేనిపోనివి చెప్పి ఆడిపోసుకుంటారు."

ఎముకల డాక్టరు పెన్ను మూత పెట్టాడు. తలెత్తి ఆవిడ వైపు చూశాడు. ఇందాక చూసిన చూపే, మొహంలో ఏదో వెతుకుతున్నట్టు.

రోగాలమ్మకి భయం వేయాలి. వేసింది కూడా, కానీ రెండోదిగా. అంతకంటే ముందు, రెప్పపాటు కాలం, తనని తీసుకెళ్ళడానికి ఎవరో వచ్చారన్న సంతోషం గుండెల్లో గుప్పుమంది. అందుకు సిగ్గుపడుతూ బల్ల అంచు పట్టుకుని లేచింది. ఎడమ కాలు కూడదీసుకుంటూ కిటికీ దగ్గరికి నడిచింది.

గేటు దగ్గర బెంచీ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నెరిసిన తల. ఒళ్ళో మడిచి పెట్టుకున్న గొడుగు. నాటకాల్లో గానీ, బస్సుల్లో గానీ, ఈ ఆసుపత్రి వరండాల్లో గానీ, ఆ మొహాన్ని ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

ఆయన మాత్రం కిటికీలో ఆవిణ్ణి చూడగానే లేచి నిలబడి, ఎన్నో ఏళ్ళుగా రోజూ ఇదే వేళకి వచ్చే మనిషిలా, తొందరేం లేదు, మెల్లగా రమ్మని చెయ్యి ఊపాడు.